కాక్‌పిట్ తెర మీద గగనతల హద్దులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల్లోని తెలుగు పాఠకులు చిన్న విమానాల గురించి పంపిన ప్రశ్నల్లో ఈసారి చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. తెర మీద కనిపించే గగనతల గీతలను ఎంతవరకు నమ్మాలి, వాటిని ఎలా సర్దుకోవాలి అన్నదే ఆ విషయం. ఎక్కువమందికి పనికొచ్చే ప్రశ్నలను ఇక్కడ తీసుకున్నాం.

ప్రశ్న: నేను శిక్షణలో ఉన్న పైలట్‌ని. మేం నడిపే సెస్నా 172లో జీ1000 (గార్మిన్ కంపెనీ డిజిటల్) తెరలున్నాయి. మన దేశంలో క్లాస్ బీ, క్లాస్ సీ గగనతలాలు లేవని చదివాను. మ్యాప్ గజిబిజిగా ఉంటోందని సెట్టింగ్స్‌లో ఆ రెండూ ఆఫ్ చేసేశాను. సీనియర్ ఒకాయన చూసి వెంటనే ఆన్ చెయ్యమన్నారు. ఎందుకో చెప్పలేదు. మీరు చెప్పగలరా సార్?
– ఒక విద్యార్థి, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: మీరు చదివింది నిజమే, ఆయన చెప్పిందీ నిజమే. ఎలాంటి ట్రాఫిక్ సేవ అందుతుందన్నదాన్ని బట్టి గగనతలాన్ని అక్షరాల తరగతులుగా విడదీస్తారు. మన ఏఐపీ (విమానయాన సమాచారపు అధికారిక పుస్తకం) ప్రకారం దేశంలో డీ, ఈ, ఎఫ్, జీ తరగతులే ఉన్నాయి. టెర్మినల్ ఏరియాలు, కంట్రోల్ ఏరియాలు, కంట్రోల్ జోన్లు, ఏరోడ్రోమ్ ట్రాఫిక్ జోన్లు అన్నీ డీ కిందకే వస్తాయి. వాటి బయట, కంట్రోల్ సేవ ఉన్న ఏటీఎస్ రూట్లు (విమానాల నిర్ణీత దారులు) ‘ఈ’ తరగతి, సలహా సేవ మాత్రమే ఉన్న రూట్లు ఎఫ్, మిగిలిందంతా జీ.

చిక్కు తెర తయారైన చోట ఉంది. ఆ మెనూ అమెరికా పద్ధతికి రాసింది. అందులో వరసలు ‘క్లాస్ బీ/టీఎంఏ’, ‘క్లాస్ సీ/టీసీఏ’, ‘క్లాస్ డీ’, ‘రిస్ట్రిక్టెడ్’, ‘ఎంఓఏ (మిలిటరీ)’, ‘అదర్/ఏడీఐజెడ్’ అని ఉంటాయి. మొదటి వరసలో ఏటవాలు గీతకు అటువైపున్న ‘టీఎంఏ’ (టెర్మినల్ ఏరియా) అన్న మాటను చూడండి. మన టెర్మినల్ ఏరియా చట్టం ప్రకారం క్లాస్ డీయే అయినా, డేటాబేస్ దాన్ని టీఎంఏ అన్న రకం కింద పెట్టి ఉంటే క్లాస్ బీ ఆఫ్ చెయ్యగానే అది కూడా మాయమవుతుంది. కాబట్టి ఆరు వరసలూ ఆన్‌లోనే ఉంచండి.

సరిచేసే పద్ధతి ఇది. ఎంఎఫ్‌డీలో (మ్యాప్ చూపే తెరలో) నేవిగేషన్ మ్యాప్ పేజీ మీద ఉండగా మెనూ బటన్ నొక్కి, మ్యాప్ సెటప్ ఎంచుకుని, ఎంటర్ కొట్టండి. చిన్న ఎఫ్ఎంఎస్ నాబ్‌తో గ్రూపు మార్చండి. సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ను బట్టి ఈ వరసలు ‘ఏవియేషన్’ గ్రూపులో గానీ ‘ఎయిర్‌స్పేస్’ గ్రూపులో గానీ ఉంటాయి. పెద్ద నాబ్‌తో వరసలు దిగుతూ ప్రతిదానికీ ఆన్ ఉందో లేదో చూడండి. పక్కనే ఒక దూరం కూడా కనిపిస్తుంది. చాలామంది పట్టించుకోనిది అదే. మ్యాప్‌ను ఎంత దూరం వరకు జూమ్ అవుట్ చేసినా ఆ గీత కనిపించాలో చెప్పే అంకె అది. అక్కడ 50 అని ఉంటే, మ్యాప్ స్కేలు అంతకు మించి పెంచగానే గీత పోతుంది. రూటు మొత్తం ఒక్క చూపులో చూసుకుందామని జూమ్ అవుట్ చేసినప్పుడే, అంటే హద్దులు బాగా కనిపించాల్సిన సమయంలోనే, తెర ఖాళీగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. రిస్ట్రిక్టెడ్ వరసకు ఈ దూరాన్ని పెంచి పెట్టుకోండి.

ఇంకొక ఉచ్చు డిక్లటర్ సాఫ్ట్‌కీ. ఒకసారి నొక్కితే రోడ్లు, నదుల్లాంటి నేల వివరాలు పోతాయి. అది మంచిదే. రెండోసారి నొక్కితే నిషిద్ధ, నియంత్రిత ప్రాంతాల వంటి ప్రత్యేక గగనతలాలు కూడా పోతాయి. మూడోసారి నొక్కితే నడుస్తున్న ఫ్లైట్ ప్లాన్ తప్ప ఏమీ మిగలదు. సాఫ్ట్‌కీ మీద చివర 2 అని గానీ 3 అని గానీ కనిపిస్తే మీరు హద్దులు లేని మ్యాప్ చూస్తున్నారన్నమాట. గజిబిజి తగ్గించాలంటే మొదటి మెట్టు దగ్గరే ఆగండి.

ఒక గీత ఏమిటో తెలియకపోతే ఊహించొద్దు. రేంజ్ నాబ్‌ను లోపలికి నొక్కితే బాణం గుర్తు వస్తుంది. దాన్ని ఆ ప్రాంతం మీదికి జరపండి. హద్దు మెరుస్తుంది, పేరు వస్తుంది. ఎంటర్ కొడితే కింది హద్దు, పై హద్దు, ఏ సంస్థ చేతిలో ఉందో కూడా వస్తాయి. మీ బరంపురం వాళ్లకు ఇది మరీ ముఖ్యం. పక్కనే గోపాలపూర్‌లో సైన్యం వాయు రక్షణ కళాశాల, దాని కాల్పుల రేంజ్ ఉన్నాయి. రంగైలుండా ఎయిర్‌స్ట్రిప్ వైపు వచ్చేవారు ఏఐపీ ఈఎన్ఆర్ 5.1 భాగంలో ఉన్న ప్రమాద, నియంత్రిత ప్రాంతాల కొలతలను తెర మీది గీతతో నేల మీద ఉండగానే ఒకసారి పోల్చుకోవాలి. ఆ పట్టికలోని పేర్లలో పీ అంటే నిషిద్ధం, ఆర్ అంటే నియంత్రితం, డీ అంటే ప్రమాదం. ఈ డీకి, క్లాస్ డీకి ఏ సంబంధమూ లేదు.

ప్రశ్న: మే నెలలో ఎగిరినప్పుడు ఆల్టీమీటర్ 5,000 అడుగులు చూపిస్తే టాబ్లెట్‌లోని జీపీఎస్ ఎత్తు దాదాపు 5,450 చూపిస్తోంది. క్యూఎన్‌హెచ్ (ఆ చోటి సముద్రమట్టపు ఒత్తిడి) సరిగ్గానే పెట్టాం. పైనున్న నియంత్రిత గగనతలం కింది హద్దు 5,500 అయితే నేను 500 అడుగులు కింద ఉన్నట్టా, 50 అడుగులు కింద ఉన్నట్టా? పరికరం పాడైందా?
– ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉన్న ఒక పాఠకుడు, బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా

జవాబు: మీరు 500 అడుగులు కింద ఉన్నట్టే. పరికరాలు రెండూ బాగానే ఉన్నాయి. తేడా తెచ్చింది మీ చంద్రపూర్ ఎండ.

ఆల్టీమీటర్ కొలిచేది ఎత్తును కాదు, ఒత్తిడిని. ఆ ఒత్తిడిని అడుగుల్లోకి మార్చేటప్పుడు సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు, ప్రతి వెయ్యి అడుగులకూ దాదాపు 2 డిగ్రీల తగ్గుదల అన్న ప్రామాణిక వాతావరణాన్ని అనుకుంటుంది. ఆ లెక్కన 5,000 అడుగుల దగ్గర 5 డిగ్రీలు ఉండాలి. మేలో మీకక్కడ 30 ఉందనుకోండి, 25 డిగ్రీలు ఎక్కువ. వేడి గాలి ఉబ్బుతుంది కాబట్టి ఒత్తిడి పొరలు పైకి జరుగుతాయి. ప్రతి 10 డిగ్రీలకూ సుమారు 4 శాతం అన్నది పైలట్లు వాడే లెక్క. అంటే మీకు 10 శాతం. ఇది క్యూఎన్‌హెచ్ ఇచ్చిన చోటి నుంచి పైకున్న ఎత్తుకే వర్తిస్తుంది. నేల 600 అడుగులనుకుంటే మిగిలిన 4,400లో 10 శాతం, 440 అడుగులు. మీకు కనిపించిన తేడా ఇదే.

గగనతల హద్దులు ఎత్తుల్లో గానీ ఫ్లైట్ లెవెల్‌లో గానీ రాసి ఉన్నా, రెండూ ఆల్టీమీటర్ కొలతలే. అదే వేడిలో ఎగురుతున్న మిగతా విమానాల ఆల్టీమీటర్లు కూడా మీ దానిలాగే తక్కువ చూపిస్తాయి, అందువల్ల మధ్య దూరం నిలబడుతుంది. హద్దు లోపల ఉన్నామా బయట ఉన్నామా అన్నది తేల్చేది ఆల్టీమీటరే. కొండకు తగులుతామా లేదా అన్నది చూసుకునేటప్పుడు మాత్రం నిజమైన ఎత్తు కావాలి. వేడి రోజున ఆ లెక్క మీకు అనుకూలంగా ఉంటుంది, చలి ఉదయాన ప్రతికూలం.

ఇక్కడొక మెలిక ఉంది. కొన్ని టాబ్లెట్ యాప్‌లు హద్దుల హెచ్చరికకు జీపీఎస్ ఎత్తునే వాడతాయి. అలాంటప్పుడు 5,000 దగ్గర ఉన్నా ‘హద్దుకు 50 అడుగులు’ అన్నట్టు గోల చేస్తుంది. దాన్ని ఆపేయకండి, ఎందుకో తెలుసుకుని ఆల్టీమీటర్ చూసుకోండి. విమానంలో బిగించిన తెర ఏ ఎత్తును వాడుతుందో దాని పైలట్ గైడ్‌లో రాసి ఉంటుంది. మొదటి రోజే చదివి పెట్టుకోవాల్సిన పేజీ అది.

బయట కొని తగిలించే జీపీఎస్ రిసీవర్లలో ఇంకో తేడా వస్తుంది. జీపీఎస్ తొలుత లెక్కించేది భూమికి గణితం ఇచ్చిన నున్నటి ఆకారం నుంచి ఎత్తు. మన ప్రాంతంలో అసలు సముద్రమట్టం ఆ ఆకారం కంటే అరవై, డెబ్బై మీటర్లు కిందికి ఉంటుంది. మంచి రిసీవర్ దీన్ని సరిచేసే పంపుతుంది. సరిచేయనిది దొరికితే మీ ఎత్తును 200 అడుగులకు పైగా తక్కువ చూపిస్తుంది. విమానం ఆప్రాన్ (విమానాలు నిలిపే చోటు) మీద నిలబడి ఉండగా యాప్ చూపే ఎత్తును ఏరోడ్రోమ్ ఎత్తుతో పోల్చండి. నేల మీదే 200 అడుగుల తేడా వస్తే ఆ రిసీవర్‌ను హద్దుల కోసం నమ్మొద్దు.

ప్రశ్న: వానాకాలంలో ఫ్లైట్ లెవెల్‌తో రాసిన హద్దు కింద ఎగరాలంటే లెక్క ఎలా కట్టాలి? తెర ఎఫ్ఎల్ (ఫ్లైట్ లెవెల్) 55 అని చూపిస్తుంది, నా ఆల్టీమీటర్‌లో క్యూఎన్‌హెచ్ ఉంటుంది.
– ఒక విద్యార్థిని, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: మంచి ప్రశ్న, ఎందుకంటే వానాకాలంలో ఒడిశా తీరాన తప్పు ప్రమాదకరమైన వైపుకే జరుగుతుంది. ఫ్లైట్ లెవెల్ అంటే ఆల్టీమీటర్‌లో 1013.2 హెక్టోపాస్కల్ పెట్టినప్పటి ఎత్తు, వందల అడుగుల్లో. జులైలో ఇక్కడ క్యూఎన్‌హెచ్ 1000 కంటే కిందికి పోవడం మామూలే. 996 ఉందనుకోండి. తేడా 17 హెక్టోపాస్కల్. ఒక్కొక్కటి 27, 28 అడుగులు, అంటే దాదాపు 470 అడుగులు. ఎఫ్ఎల్ 55 ఆ రోజున మీ ఆల్టీమీటర్‌లో 5,500 దగ్గర ఉండదు, 5,030 దగ్గర ఉంటుంది. ‘5,200లో పోతున్నాను, ఇంకా 300 అడుగులుంది’ అనుకునేవారు అప్పటికే లోపల ఉంటారు. ఒత్తిడి తగ్గితే ఫ్లైట్ లెవెల్ హద్దు మీ మీదికి దిగుతుందని గుర్తుంచుకోండి.

మీ దగ్గర కొండలు కూడా ఉన్నాయి. కొన్ని హద్దులు నేల నుంచి ఇన్ని అడుగులని రాసి ఉంటాయి. అలాంటప్పుడు హద్దు నేలతోపాటు ఎగుడుదిగుడుగా నడుస్తుంది. 1,000 అడుగుల హద్దు గోపాలపూర్ ఒడ్డున ఆల్టీమీటర్‌లో వెయ్యే. మహేంద్రగిరి శిఖరం 1,501 మీటర్లు, అంటే 4,925 అడుగులు కాబట్టి దాని మీద అదే హద్దు 5,925. కోరాపుట్‌లోని దేవమాలి మీద, 1,672 మీటర్లు, దాదాపు 6,490. తెర మీది చిన్న చీటీలో ఒకే అంకె ఉంటుంది కాబట్టి అది సముద్రమట్టం నుంచా, నేల నుంచా అన్నది పక్కనున్న అక్షరాలు చూసి తేల్చుకోండి.

ప్రశ్న: నా జీ1000లో ‘ఎయిర్‌స్పేస్ ఎహెడ్’ అని హెచ్చరిక ఒక్కోసారి చాలా ముందే వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. విశాఖ వైపు వెళ్లేటప్పుడు ఏటీసీ (విమాన రాకపోకల నియంత్రణ కేంద్రం) అనుమతి ఇచ్చాక కూడా ‘ఇన్‌సైడ్ ఎయిర్‌స్పేస్’ అంటుంది. ఎలా సెట్ చెయ్యాలి?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: చివరిది ముందు చెబుతాం. ఏటీసీ మీతో ఏం మాట్లాడిందో తెరకు తెలియదు. మీరు గీత లోపల ఉన్నారా లేదా అన్నదొక్కటే దానికి తెలుసు. ఒక ప్రమాద ప్రాంతంలో ఇవాళ కాల్పులున్నాయా లేవా అన్నది కూడా దానికి తెలియదు. విశాఖలో ఏటీసీ నౌకాదళం, అంటే ఐఎన్ఎస్ డేగా చేతిలో ఉంది. అక్కడ అనుమతి అంటే రేడియోలో మీరు విని, తిరిగి చదివి వినిపించిన మాటలే.

హెచ్చరికల సెట్టింగ్ మ్యాప్ సెట్టింగ్‌తో కలిసి ఉండదు. ఏయూఎక్స్ గ్రూపులోని సిస్టమ్ సెటప్ పేజీలో ‘ఎయిర్‌స్పేస్ అలర్ట్స్’ పెట్టె విడిగా ఉంది. అక్కడ ఏ రకాలకు హెచ్చరిక కావాలో, ఎత్తు బఫర్ ఎంతో పెట్టాలి. మ్యాప్ మీద ఆన్ చేసి ఇక్కడ ఆఫ్‌లో వదిలేస్తే గీత కనిపిస్తుంది, హెచ్చరిక రాదు. మీకు ‘అసలు రాని’ కేసుల్లో సగం ఇదే అయ్యుంటుంది.

మిగతా సగం బఫర్. మీ ఎత్తుకూ ఆ ప్రాంతం అడుగుకూ లేదా పైకప్పుకూ మధ్య తేడా బఫర్ కంటే ఎక్కువగా ఉంటే పరికరం నోరు తెరవదు. బఫర్ 200 అడుగులు ఉండి, మీరు నిమిషానికి 700 అడుగుల చొప్పున ఎక్కుతుంటే, ఆ 200 అడుగులు పదిహేడు సెకన్లలో అయిపోతాయి. హెచ్చరిక చదివి, రేడియో అందుకునేలోపు లోపలికి వెళ్లిపోతారు. ఎక్కుతూ దిగుతూ ఉండే ప్రయాణాలకు 500 పెట్టుకోవడమే మంచిదని మా అభిప్రాయం. అనవసరపు హెచ్చరికలు కొన్ని పెరుగుతాయి, పెరగనివ్వండి.

‘చాలా ముందే’ అన్నది సమయం వల్ల. పది నిమిషాల లోపు చేరేలా ఉంటే ‘ఎయిర్‌స్పేస్ ఎహెడ్’ వస్తుంది. 100 నాట్ల వేగంలో పది నిమిషాలంటే దాదాపు 17 నాటికల్ మైళ్లు. వెనకగాలి ఉంటే ఇంకా ఎక్కువ దూరం. 2 నాటికల్ మైళ్ల లోపు పక్కనే ఉంటే ‘నియర్’ అని వస్తుంది, అది అదే వేగంలో 72 సెకన్లు. పది నిమిషాల హెచ్చరిక రాగానే ఎన్ఆర్ఎస్టీ గ్రూపులో నియరెస్ట్ ఎయిర్‌స్పేసెస్ పేజీ తెరవండి. సంస్థ పేరు, కింది, పై హద్దులు, ఫ్రీక్వెన్సీ ఒకే చోట ఉంటాయి. పిలవడానికి తొందరపడాల్సిన పని ఉండదు.

ఇంకొకటి: తెర మీద పసుపు రంగులో ‘డీఆర్’ అని గానీ, ‘ఎల్ఓఐ’ అని గానీ కనిపిస్తే జీపీఎస్ స్థానం నమ్మదగ్గది కాదు. గీతలు ఉన్నచోటే ఉంటాయి, మీ విమానం గుర్తు మాత్రం తప్పు చోట ఉండొచ్చు. అప్పుడు హద్దులకు అదనంగా దూరం ఇచ్చి, వీఓఆర్ (నేల మీద నుంచి దిశ చెప్పే రేడియో కేంద్రం), నేల గుర్తులతో నడపండి.

ప్రశ్న: డేటాబేస్ గడువు తీరిందని తెర చెబుతోంది. ఎయిర్‌పోర్టులు ఎక్కడికీ పోవు కదా, ఒక నెల పాతదైతే ఏం? నోటామ్‌లు (పైలట్లకు ఇచ్చే తాత్కాలిక ప్రకటనలు) అందులోకి వస్తాయా?
– ఒక ఫ్లయింగ్ విద్యార్థి తండ్రి, జయపురం, కోరాపుట్ జిల్లా

జవాబు: ఎయిర్‌పోర్టులు పోవు, హద్దులు మారతాయి. భోగాపురంలాంటి కొత్త విమానాశ్రయం ఒకటి మొదలైతే చుట్టూ కంట్రోల్ జోన్, ఫ్రీక్వెన్సీలు, రూట్లు అన్నీ కదులుతాయి. ఆ మార్పులు ప్రపంచమంతటా ఒకే క్యాలెండర్ ప్రకారం 28 రోజులకోసారి, గురువారం నాడు అమల్లోకి వస్తాయి. 2026లో ఈ వరస జనవరి 22, ఫిబ్రవరి 19, మార్చి 19 అని సాగుతుంది. తెర వెలగగానే వచ్చే పేజీలో అమలు తేదీ, గడువు తేదీ ఉంటాయి. గడువు తీరితే పసుపు రంగులో కనిపిస్తుంది. చాలామంది చదవకుండానే ఎంటర్ కొట్టేస్తారు. మీ అబ్బాయికో అమ్మాయికో ఆ తేదీ గట్టిగా చదివే అలవాటు చెయ్యండి.

అప్‌డేట్ చేసేటప్పుడు జరిగే మామూలు తప్పు ఒకటుంది. జీ1000లో పీఎఫ్‌డీకి (పైలట్ ఎదుటి తెరకు), ఎంఎఫ్‌డీకి కార్డు స్లాట్లు విడివిడిగా ఉంటాయి, నేవిగేషన్ డేటాబేస్‌ను పై స్లాటు ద్వారా రెండింటికీ ఎక్కించాలి. ఒక్కదానికే ఎక్కించి వదిలేస్తే ‘డీబీ మిస్‌మ్యాచ్’ అన్న సందేశం వస్తుంది, రెండు తెరల మధ్య సమాచారం పంచుకోవడం ఆగిపోతుంది. అప్పుడు ఒక తెరలో పాత హద్దు, ఇంకో తెరలో కొత్త హద్దు.

నోటామ్‌లు ఆ కార్డులో రావు. చాందీపూర్ వైపు క్షిపణి పరీక్షల కోసం బంగాళాఖాతం మీద ఇచ్చే తాత్కాలిక మూసివేతల్లాంటివి నోటామ్‌లోనే ఉంటాయి. ఎగిరే ముందు వాటిని చదివి, మూలల అక్షాంశ, రేఖాంశాలను యూజర్ వేపాయింట్లుగా (మనం ఎక్కించుకునే బిందువులుగా) పెట్టి ఒకసారి గీసి చూసుకోవాలి. రెండు జాగ్రత్తలు. నోటామ్ సమయం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మనకు ఐదున్నర గంటలు కలపాలి. 0330 నుంచి 0730 అంటే ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా. రెండోది, అంకెల రూపం. నోటామ్‌లో డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు ఉంటాయి, తెర డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాలు అడుగుతుంది. 19 డిగ్రీల 15 నిమిషాల 30 సెకన్లు అంటే 15.50 నిమిషాలు, 15.30 కాదు. 30ని అలాగే కొడితే ఆ మూల 0.2 నాటికల్ మైలు, అంటే 370 మీటర్లు తప్పుకుంటుంది.

పాత సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్ మీది అంకెలను మాత్రం ఇలా ఎక్కించకండి. ఎవరెస్ట్ డేటమ్ (పాత సర్వే కొలతల ఆధారం) మీద గీసిన షీట్లకూ, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84కూ వంద మీటర్లు దాటే తేడా రావచ్చు.

ప్రశ్న: సిరొంచ దగ్గర మ్యాప్ మీద కనిపించే పొడవాటి సన్నగీత మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దేనా?
– ఒక పాఠకురాలు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: రాష్ట్ర సరిహద్దు గీత నేల వివరాల్లో భాగం, డిక్లటర్ మొదటి మెట్టులోనే పోతుంది. ఆ తర్వాత కూడా మిగిలితే అది ఎఫ్ఐఆర్ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ రీజియన్, ఒక కేంద్రం చూసుకునే గగనతలం) హద్దు అయ్యుండొచ్చు. దేశంలో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై అని నాలుగు ఎఫ్ఐఆర్‌లున్నాయి. నాగపూర్ ముంబై కిందికి, హైదరాబాద్ చెన్నై కిందికి వస్తాయి. వాటి గీతలకు రాష్ట్రాలతో పనిలేదు. అది దాటితే మీరు మాట్లాడాల్సిన కేంద్రం మారుతుంది, అంతే. గీత మీద బాణం పెట్టి పేరు చూస్తే తేలిపోతుంది.

ప్రశ్న: పత్తి చేలకు డ్రోన్‌తో మందు కొడతాను. విమానం మ్యాప్ యాప్‌లో మా ఊరు నాందేడ్ విమానాశ్రయం గీత బయట ఉంది. ఎగరేసుకోవచ్చా?
– ఒక రైతు, కిన్వట్, నాందేడ్ జిల్లా

జవాబు: ఆ గీత చూసి నిర్ణయించకండి. డ్రోన్లకు 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం డిజిటల్ స్కై మ్యాప్ వేరే ఉంది. ఆకుపచ్చ జోన్‌లో నేల నుంచి 400 అడుగుల దాకా, విమానాశ్రయం ప్రహరీ నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల దాకా అనుమతి అడగక్కర్లేదు. పసుపు జోన్‌కు ఏటీసీ అనుమతి, ఎరుపుకు కేంద్రం అనుమతి కావాలి. జోన్లు మారుతుంటాయి కాబట్టి ఎగరేసే రోజునే చూడండి.

ప్రశ్న: పాత సెస్నా 152లో తెరలేవీ లేవు. టాబ్లెట్ ఒక్కటే పెట్టుకుంటే హద్దులకు చాలదా?
– ఒక పాఠకుడు, చంద్రపూర్

జవాబు: సాయానికి చాలా మంచిది, ఒక్కదాన్నే నమ్ముకోవడానికి చాలదు. ముందుగా, వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ రిసీవరే ఉండదు. సిమ్ వేసుకునే రకం కొనాలి, లేదా బయటి రిసీవర్ తగిలించాలి. రెండోది వేడి. ఐప్యాడ్ 35 డిగ్రీల వరకు పనిచేసేలా తయారైంది. మీ ఊళ్లో మే నెలలో విండ్‌షీల్డ్ కింద ఎండ తగిలేలా బిగిస్తే వేడి హెచ్చరిక చూపించి ఆగిపోతుంది. నీడలో, గాలి తగిలే చోట, మందపాటి కేస్ తీసేసి పెట్టండి. ఛార్జింగ్ కూడా వేడి పెంచుతుంది కాబట్టి నిండుగా ఛార్జ్ చేసుకుని ఎక్కండి.

గీత మందం కూడా లెక్కలోకి తీసుకోండి. 15 సెంటీమీటర్ల వెడల్పు తెర మీద 100 నాటికల్ మైళ్లు చూస్తుంటే అర మిల్లీమీటరు గీత 600 మీటర్లను కప్పేస్తుంది. గీతను రాసుకుంటూ పోవడం అన్నది ఆ స్కేలులో అర్థం లేని పని. ఎప్పుడూ 2 నాటికల్ మైళ్లు వదిలి ప్లాన్ చెయ్యండి.

రూటులో తగిలే ప్రతి హద్దుకూ మోకాలి పలక మీద కాగితంపై ఒక్కో వరస రాసుకోండి: ఏ వీఓఆర్ నుంచి ఎన్ని డీఎంఈ (దూరం చూపే పరికరం) మైళ్లు, మీ 152లో డీఎంఈ లేకపోతే ఏ నది, ఏ రైల్వే లైను దాటాక; కింది హద్దు, పై హద్దు; ఎవరిని ఏ ఫ్రీక్వెన్సీలో పిలవాలి. పక్కన ఆ రోజు ఎఫ్ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్), ఏడీసీ (వాయు రక్షణ అనుమతి) నంబర్లు.